అరచేతి చుక్క

కొత్తమెట్ట పురుటిల్లు. రోజుపుస్తకం. రాస్తున్నది చుక్కమ్మ దాలమ్మ.

కార్తీకం 21

కాన్పులు రెండు. ఆడపిల్ల చుక్క 58, తెల్లచీటీ. మగపిల్లవాడి చుక్క 112, ఎర్రచీటీ.

నేను రాయవలసింది ఇంతవరకే. పక్కన "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంది. తొమ్మిదేళ్ళుగా అందులో "ఏమీ లేవు" అని రాస్తూ వచ్చాను. ఇవాళ మాత్రం రాయాలనిపిస్తోంది. తనిఖీకి వచ్చేవాళ్ళు అంకెలు చూసి సంతకం పెట్టి పోతారు. గడుల్లోకి తొంగిచూసే ఓపిక వాళ్ళకెక్కడిది?

చలి దిగింది. రబ్బరు తొడుగులు దొరకడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. కాన్పుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, మోచేతుల దాకా బ్లీచింగ్ నీళ్ళతో కడుక్కోవాలి. వేసవిలో పరవాలేదు గాని ఈ కొండ మీద కార్తీకం వచ్చేసరికి నా చేతులు పగిలి నెత్తురు చిమ్ముతాయి. ఇవాళ నూకాలు గ్లిజరిన్ సీసా తెచ్చింది. నూకాలు మా పురుటింట్లో గుడ్డలు ఉతుకుతుంది. దాని మొగుడు సబ్బుల షెడ్డులో పని చేస్తాడు. సబ్బు వండితే అడుగున మిగిలేదే ఈ గ్లిజరిన్. ఏటా చలి మొదలవగానే ఒక సీసా తెచ్చి, నా చేతులు ఒళ్ళో పెట్టుకుని తనే రాస్తుంది. రెండు రోజుల్లో పగుళ్ళు పూడిపోతాయి.

ఎర్రచీటీ పిల్లవాడి తల్లి ఏడవలేదు. నా అరచేతినే చూస్తూ ఉండిపోయింది. బొడ్డు కోయగానే నాళం పిండి, మొదటి చుక్కను నా అరచేతిలో పట్టి, చుట్టూ ఉన్న అయినవాళ్ళందరికీ చూపించి, అక్కడి నుంచి గాజుగొట్టంలోకి పీల్చి యంత్రానికి ఇవ్వాలి, అదే చుక్కమ్మ పని. వెనకటికి డబ్బున్నవాళ్ళు గొట్టాలు మార్పించుకునేవాళ్ళు. అందుకని ఈ పద్ధతి పెట్టారు. అందరి కళ్ళ ముందూ అరచేతిలో పడని చుక్క చెల్లదు. చెల్లని చుక్కకు ఎర్రచీటీయే.

నేనెవరికీ గొట్టం మార్చలేదు. నా సొంత మనవరాలికీ మార్చలేదు.

కార్తీకం 27

కాన్పులు లేవు.

పైడి వచ్చింది. నా ఒక్కగానొక్క కూతురు. పుష్యంలో నెలలు నిండుతాయి. అల్లుడు రేవు దగ్గర ఉప్పుమళ్ళలో ఉన్నాడు, కాన్పు వేళకు వస్తానన్నాడట. పైడి మూట దింపి, నీళ్ళు తాగి, గోడవైపు తిరిగి కూర్చుంది. నాలుగేళ్ళుగా దానికీ నాకూ మధ్య మాటలు ఇంతే. తిన్నావా, తిన్నాను. పడుకో, పడుకుంటాను.

దాని మొదటి బిడ్డ కుసుమ చుక్క పట్టింది నేనే. నాలుగేళ్ళ కిందటి మాఘం. 104 వచ్చింది. ఊరంతా నన్ను మెచ్చుకుంది, దాలమ్మ చెయ్యి అబద్ధం ఆడదు, సొంత మనవరాలికే ఎర్రచీటీ ఇచ్చింది చూడండని. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను కూడా. రాయడానికే సిగ్గుగా ఉంది గాని, పొంగిపోయాను.

ఏం చెయ్యను? నా మొగుడు ముప్పై నాలుగేళ్ళకు, మడిలో వంగినవాడు వంగినట్టే పోయాడు. ఆ రోజుల్లో వీధికి ఇద్దరు అలా పోయేవాళ్ళు. ఆ కాలాన్ని గుండె ఏళ్ళు అని ఇప్పటికీ అంటారు. పుట్టినప్పుడు బొడ్డు నెత్తుట్లో కొవ్వు ఎక్కువున్నవాళ్ళకే పెద్దయ్యాక గుండె ఆగుతోందని పెద్ద డాక్టర్లు తేల్చారు. తొంభై దాటిన పిల్లల్ని పాలు మరిచాక పథ్యంపేటకు పంపి, పన్నెండేళ్ళు వచ్చేదాకా కొవ్వు తగలని తిండితో పెంచితే బతుకుతారని అన్నారు. నేను నమ్మాను. ముందే తెలిసి ఉంటే మా ఆయన బతికేవాడని ఈ తొమ్మిదేళ్ళూ ప్రతి చుక్కకూ అనుకున్నాను.

పైడికి పుష్యంలో కాన్పు రావడమే తప్పయిపోయింది. మా కొండ మీద ఎర్రచీటీలన్నీ చలికాలం పిల్లలకే వస్తాయి. కొండ చలికి తల్లుల నెత్తురు చిక్కబడుతుందని చెప్పుకుంటారు. అందుకే మాఘం నుంచి వైశాఖం దాకా ఆలుమగలు ఎడంగా పడుకోవాలని ఊళ్ళో ఒక కట్టడి. ఆ నెలల్లో మొగవాళ్ళంతా అరుగుల మీద దుప్పట్లు కప్పుకుని పడుకుంటారు, ఆడవాళ్ళు వాళ్ళను చూసి నవ్వుకుంటారు. పైడి, అల్లుడు కట్టడి తప్పారు. ఇప్పుడు నవ్వేవాళ్ళు లేరు.

నాకు భయంగా ఉంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

మార్గశిరం 4

కాన్పులు లేవు. సెలవు పెట్టి పథ్యంపేట వెళ్ళాను.

మూడు నెలలకోసారి చూడనిస్తారు. పైడి నిండు నెలలతో ఎద్దుబండి ఎక్కింది, వద్దన్నా వినలేదు. చేరేసరికి పొద్దు వాలింది. పిల్లలు వరసగా కూర్చుని జావ తాగుతున్నారు. తూచి పోసిన జొన్న జావ, ఉడకబెట్టిన కూరముక్కలు. నూనె చుక్క గాని, పాల మీగడ గాని, గుడ్డులో పచ్చసొన గాని అక్కడి గడప దాటవు. కుసుమ జుట్టు పల్చబడింది. మోచేతుల మీద చర్మం గరుగ్గా పొరలు కట్టింది.

పేరు పెట్టి పిలిస్తే లేచింది. మావైపు రాకుండా స్తంభం వైపు నడిచి, నుదురు కొట్టుకుని ఆగింది. గదిలో ఇంకా వెలుతురు ఉంది. నాకు అందరి మొహాలూ కనిపిస్తూనే ఉన్నాయి. నేను పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అది నా వేళ్ళు తడిమి నవ్వింది.

"అమ్మమ్మవే. నీ సెయ్యి జారిపోతంది."

అక్కడి ఆయాను నిలదీశాను. దీపాల వేళ అయితే ఇక్కడ పిల్లలంతా ఇంతేనని, పొద్దున్నే మళ్ళీ బాగానే చూస్తారని చెప్పింది. రేచీకటి అన్న మాట ఆమె నోటి వెంట రాలేదు, నా నోటి వెంటా రాలేదు. పెద్ద పిల్లల్లో ఇద్దరు ముగ్గురి కళ్ళ మీద తెల్లటి మచ్చలు చూశాను. వాళ్ళు పగలు కూడా గోడ పట్టుకునే నడుస్తారట.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో పైడి నాలుగేళ్ళకు మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడింది.

"అమ్మా, దీన్ని కూడా అక్కడికే తోలేస్తావేటి?" అని కడుపు మీద చెయ్యి వేసుకుంది.

ఏమీ కాదులే, దేవుడున్నాడు అన్నాను. ఆ మాటకు నాకే ఒళ్ళు మండింది.

మార్గశిరం 10

కాన్పులు మూడు. 99, 118, 107. మూడూ ఎర్రచీటీలే.

మూడో చుక్క అరచేతిలో పడుతుంటే నా గోళ్ళ వైపు చూశాను. బొటనవేలి గోరు కింద ఎంత నెత్తురు దాచవచ్చో అప్పుడే లెక్కగట్టాను. మంచి అంకె వచ్చిన పిల్ల బొడ్డు నెత్తురు రెండు చుక్కలు దాచి ఉంచుకుంటే, పైడి కాన్పునాడు గోరు కింద నుంచి అరచేతిలోకి జార్చుకోవచ్చు. తొమ్మిదేళ్ళు నిజాయితీ అని జబ్బలు చరుచుకున్నదాన్ని, దొంగతనానికి కొలతలు వేసుకుంటున్నాను. చేస్తానా అంటే, చేస్తాను. అది రాసుకుంటేనే మంచిది.

దాచడానికి మంచి చుక్క కావాలి కదా అని పాత పుస్తకాలు తీశాను, ఏ నెలలో మంచి అంకెలు వచ్చాయో చూద్దామని. తొమ్మిది చలికాలాల్లో మా పురుటిల్లు ఇచ్చిన ఎర్రచీటీలు ముప్పై ఏడు. వేసవిలో ఒక్కటీ లేదు. చలి మహిమే అనుకుందాం. కాని నేను రాకముందు ఇక్కడ చుక్క పట్టిన ముసలామె పుస్తకం కూడా తీస్తే, పదకొండు చలికాలాల్లో ఎర్రచీటీలు రెండే. కొండ అదే, చలి అదే. మారింది నేనొక్కదాన్ని.

పుస్తకం మూసేశాను. చెడు కాలం దాపురించింది గాని నాదేం ఉందని సర్దిచెప్పుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎందుకని. తడుముకోవడం మాత్రం ఆగలేదు.

మార్గశిరం 16

కాన్పులు లేవు.

యంత్రం నడిపే అసిరినాయుడుకు జ్వరం. పొద్దున్నే యంత్రానికి సున్నా చూపించాలి. అంటే వడకట్టిన నీళ్ళు ఒక చుక్క ఇచ్చి, అది సున్నా అని చెప్పేదాకా ఆగాలి. రోజూ నాయుడు సీసాలోంచి గొట్టంతో తీసి ఇస్తాడు. ఇవాళ నేనే చేద్దామని కూర్చున్నాను. చెయ్యి అలవాటు పడిపోయింది కదా, నీళ్ళచుక్కను అరచేతిలో వేసుకుని అక్కడి నుంచి గొట్టంలోకి పీల్చాను.

యంత్రం 131 అంది.

ముందు నవ్వొచ్చింది. నీళ్ళకు ఎర్రచీటీ! ఆ వెంటనే ప్రాణం లేచి వచ్చింది. యంత్రం చెడిపోయిందన్నమాట, పైడి బిడ్డకు వంద వచ్చినా ఎవరూ నమ్మరు అనుకున్నాను. ఆ సంతోషంలో ఇంకోసారి చేశాను. ఈసారి సీసాలోంచే నేరుగా తీశాను.

సున్నా.

మళ్ళీ అరచేతిలోంచి తీశాను. 127. సీసాలోంచి, సున్నా. ఆరుసార్లు చేశాను. నూకాలు రాసిన గ్లిజరిన్ అరచేతి గీతల్లో మెరుస్తోంది. బ్లీచింగ్‌తో కడుక్కున్నాకే రాస్తుంది, పగుళ్ళు మండకుండా.

చెయ్యి గుడ్డతో తుడుచుకున్నాను, మెరుపు పోలేదు.

మార్గశిరం 17

కాన్పులు లేవు.

నాయుడు జ్వరం తగ్గి వచ్చాడు. కబుర్లు చెబుతున్నట్టు నటిస్తూ, యంత్రం కొవ్వును ఎలా కొలుస్తుందని అడిగాను. నా ముందు పాఠం చెప్పే అవకాశం వచ్చినందుకు మురిసిపోయాడు. కొవ్వు అలాగే ఉంటే యంత్రానికి అందదట. దాన్ని విరగ్గొడితే గ్లిజరిన్ బయటికి వస్తుందట. లెక్కపెట్టేది ఆ గ్లిజరిన్‌నేనట.

"మరి ముందే గ్లిజరిన్ ఉంటే?" అన్నాను.

"పురిటి నెత్తుట్లోకి గ్లిజరిన్ ఎందుకొస్తాది సుక్కమ్మా," అని నవ్వాడు.

నిజమే, ఎందుకొస్తుంది. ముసలామె చేతులు పగిలితే పగలనిచ్చేదట, ఏమీ రాసేది కాదట. కింద రేవు పురుటింట్లో చలే ఉండదు, చేతులు పగలవు, ఎర్రచీటీలూ అరుదేనట. ముప్పై ఏడుగురు పిల్లలు నా అరచేతి మీదుగా వెళ్ళిపోయారు. వాళ్ళలో ముగ్గురు పథ్యంపేటలోనే చనిపోయారు. ఆ ముగ్గురిలో ఒకడు నూకాలు కొడుకు తవుడు. అంతకుముందు పుట్టిన ఇద్దరు దక్కలేదని, వీడైనా బతకాలని ఆ పేరు పెట్టుకుంది. మూడేళ్ళు నిండాక చిన్న దగ్గు వచ్చి పోయాడు. ఒంట్లో పస లేదన్నారు.

నోరు విప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. ముప్పై ఏడు ఇళ్ళ వాళ్ళు నా గుమ్మం ముందు నిలబడతారు. నన్ను కొట్టినా కొడతారు. అది సరే. కాని చుక్కమ్మ పని తీసేస్తే పైడి కాన్పుకు రేవు నుంచి ఎవరినో పిలుస్తారు. ఆమె ఈ చలికి తన చేతులకు ఏం రాసుకుని వస్తుందో ఎవరికి తెలుసు? నూనో, వెన్నో, ఇదే గ్లిజరినో. పని పోయినదాని మాట ఆమె వింటుందా?

పుష్యం దాటనీ. పైడి బిడ్డకు తెల్లచీటీ రానీ. అప్పుడు చెబుతాను.

మార్గశిరం 25

కాన్పులు రెండు. 49, 55. తెల్లచీటీలు.

ఎనిమిది రోజులుగా గ్లిజరిన్ ముట్టలేదు. చేతులు విప్పితే పగుళ్ళు విచ్చుకుంటున్నాయి. నూకాలు రెండుసార్లు సీసా పట్టుకొచ్చింది. ఒకసారి ఒంట్లో బాగాలేదన్నాను, ఒకసారి కసిరి పంపేశాను. అలిగి వెళ్ళింది పాపం. సాయంత్రం మళ్ళీ వచ్చి, అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచి, నా మీద కోపమేటి అంది. దాని మొహం చూడలేకపోయాను.

రెండు తెల్లచీటీలూ చూసి నాయుడు ఈ పక్షం చలి మంచిదన్నాడు. బయట తల్లులు నా చేతికి దండం పెట్టారు. చీ అనిపించింది. పథ్యంపేటలో ఈపాటికి పొద్దు వాలుతూ ఉంటుంది, కుసుమ స్తంభం ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటుంది. నేను ఒక్క మాట చెబితే రేపు దానికి గుడ్డు పెడతారు. ఆ ఒక్క మాట నా నోట రావడం లేదు.

పుష్యం 3

కాన్పు ఒకటి. ఆడపిల్ల. తల్లి పైడి, నా కూతురు.

నొప్పులు తెల్లారుతూ మొదలై మధ్యాహ్నానికి తెమిలాయి. అల్లుడు, వాళ్ళ వాళ్ళు, వార్డు పెద్దలు ఇద్దరు, అందరూ మంచం చుట్టూ నిలబడ్డారు. నాకు ఒక కొత్త భయం పట్టుకుంది. నా కుడి అరచేతిలో పగుళ్ళు నెత్తురు కారుతున్నాయి. పెద్దదాని నెత్తురు పసిదాని చుక్కలో కలిస్తే అంకె ఎటు పోతుందో! చివరి క్షణంలో ఎడమ చెయ్యి చాపాను. శుభమా అని పిల్ల పుడితే ఎడమ చెయ్యేమిటని అల్లుడి తల్లి గొణిగింది. కుడి చెయ్యి చూపించాను. ఊరుకుంది.

చుక్క పడింది. వెచ్చగా ఉంది. గొట్టంలోకి పీల్చి నాయుడు చేతికి ఇచ్చాను. యంత్రం తిరిగినంతసేపూ నాయుడి పెదాల వైపే చూశాను.

46. తెల్లచీటీ.

అల్లుడు నా కాళ్ళకు దండం పెట్టాడు. పైడి మాత్రం చీటీ వైపు చూడలేదు. ముందు నా కుడి చేతిని, తర్వాత ఎడమ చేతిని చూసింది. పిల్లను తీసుకుని కళ్ళు మూసుకుంది.

పుష్యం 5

కాన్పులు లేవు.

పథ్యం అన్నం పెట్టడానికి వెళితే పైడి తలుపు వెయ్యమంది.

సీసా ఏదని అడిగింది. ఏ సీసా అన్నాను. ప్రతి చలికాలం దేవుడి గూట్లో ఉండే సీసా, తన మొదటి పురుడు వరకు తనే అందించేది, ఆ సీసా ఏదని అడిగింది. పారేశానన్నాను. ఎందుకు పారేశావంది. అన్నం కంచం దాని దగ్గరికి జరిపాను. పైడి చిన్నప్పటి నుంచీ అంతే, దానికి అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. మౌనంగా ఉన్నా చదివేస్తుంది.

"కుసుమకు సుక్క పట్టినప్పుడు నీ సెయ్యి మెరిసింది. నాను పక్క మీంచి సూసినాను," అంది. "ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

పద్దెనిమిది రోజులని చెప్పాను.

అది ఏడవలేదు, అరవలేదు. చంటిదాన్ని ఎత్తి నా ఒళ్ళో పెట్టి, "దీన్ని సూసుకుంటా పద్దెనిమిది రోజులు ఎలాగ ఊరుకున్నావమ్మా?" అంది.

నీ బిడ్డ కోసమే అన్నాను. "కుసుమెవలి బిడ్డ?" అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునేదాన్ని కూడా కాదు నేను, కాలుతున్నాయని తెలిసీ నోరు మూసుకున్నదాన్ని. చంటిది నా ఒళ్ళో నిద్రపోయింది. ఇది రాసేటప్పటికీ ఆ బరువు తొడ మీద ఉన్నట్టే ఉంది.

పుష్యం 6

కాన్పులు లేవు.

ఊరికి చెప్పే ముందు నూకాలుకు చెప్పాలి. అది పెరట్లో పురిటిగుడ్డలు మడత పెడుతోంది. పక్కన కూర్చుని నేనూ ఒక గుడ్డ అందుకున్నాను. నీళ్ళచుక్క సంగతి, యంత్రం లెక్క సంగతి, ముసలామె పుస్తకం సంగతి వరసగా చెప్పాను. చివరికి తవుడు పేరు చెప్పాను. అది మడత ఆపలేదు. నాలుగు గుడ్డలు మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన చేత్తో సాఫు చేసింది.

"ఆ సీసా నాను తెచ్చినాను గదప్పా," అంది.

నీ తప్పు కాదు, నాదే అన్నాను. అది వినిపించుకోలేదు. "తవుడు పుట్టినప్పుడు గూడా నానే రాసినాను. నొప్పులొస్తుంటే గూడా రాసినాను. నీ సెయ్యి గరుగ్గా ఉంటే పిల్లడికి గుచ్చుకుంటాదని."

నాకు తిట్లు పడతాయని, జుట్టు పట్టుకుని ఈడుస్తుందని ఎన్నో అనుకుని వెళ్ళాను. దేనికైనా సిద్ధపడ్డాను గాని దీనికి సిద్ధపడలేదు. దాని చేతులు పట్టుకుందామని చెయ్యి చాపాను. అది తన చేతులు రెండూ కొంగులో దాచేసుకుంది.

పుష్యం 9

కాన్పులు లేవు. ఇక నుంచి చుక్క పట్టేది నేను కాదు.

వార్డు అరుగు మీద అందరినీ కూర్చోబెట్టారు. ముప్పై ఏడు పేర్లూ పుస్తకం చూసి చదివాను. చనిపోయిన ముగ్గురి పేర్ల దగ్గర ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. తర్వాత అందరి ముందూ అరచేతికి గ్లిజరిన్ రాసుకుని, నీళ్ళచుక్క పట్టి నాయుడికి ఇచ్చాను. వాడు 138 అని చదివి, చీటీ అందరికీ తిప్పి చూపించాడు. పద్దెనిమిది రోజులు దాచానని కూడా చెప్పాను. ఆ మాట మింగేద్దామనుకున్నాను గాని, పైడి చంటిదాన్ని ఎత్తుకుని ఎదురుగా నిలబడి ఉంది.

ఎవరూ నన్ను కొట్టలేదు. ఒకామె వచ్చి నా మొహం మీద ఉమ్మేసి వెళ్ళింది. నేను తుడుచుకోలేదు. పెద్దల్లో ఒకాయన అరచేతి పద్ధతి తీసేస్తే మళ్ళీ దొంగలు జొరబడతారని వాదన మొదలుపెట్టాడు. తల్లులు లేచి నిలబడేసరికి కూర్చున్నాడు. నా శిక్ష మాఘంలో తేలుస్తారట. పిల్లల్ని మాత్రం వెంటనే తీసుకురావాలన్నారు.

అప్పుడు నాయుడు అడిగాడు, ఈ ముప్పై ఏడుగురిలో ఎవరికైనా నిజంగానే తొంభై దాటి ఉంటే ఎలాగని. ఆ నెత్తురు ఇప్పుడు ఎక్కడుంది కొలవడానికి? బొడ్డు ఊడిపోయింది, చుక్క ఎండిపోయింది. ముప్పయ్యేళ్ళకు తెలుస్తుంది. తల్లులు అప్పటిదాకా ప్రతి పొద్దూ పిల్లల గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ బతకాలి. ఆ భయం కూడా నేను ఇచ్చిందే.

పుష్యం 12

ఈ పుస్తకం రేపు అప్పజెప్పాలి. ఇదే చివరి గడి.

నిన్న బండ్లు కట్టించుకుని పథ్యంపేట వెళ్ళాం. నన్ను రావద్దన్నారు కొందరు. పైడి రానివ్వమంది. నూకాలు కూడా వచ్చింది. తీసుకెళ్ళడానికి దానికి అక్కడ ఎవరూ లేరు, అయినా ఒక గిన్నెలో ఉడికించిన గుడ్లు పెట్టుకుని బండి చివర కూర్చుంది. దారి పొడవునా నాతో మాట్లాడలేదు.

పెద్ద డాక్టరమ్మ ఒకామె రేవు నుంచి ముందే వచ్చి పిల్లల కళ్ళు చూస్తోంది. చిన్నవాళ్ళకు గుడ్లు, మునగాకు, కాలేయం, నెయ్యి పెడితే నెలలో చూపు తిరిగి రావచ్చంది. కళ్ళలో మచ్చలు పడ్డ ముగ్గురి గురించి ఏమీ అనలేదు. కుసుమ గురించి ఏమంటుందోనని నేను తలుపు వెనక నిలబడి విన్నాను. కుసుమ కళ్ళు పొడిబారాయట, ఇప్పుడే చెప్పలేనంది. మూడు వారాల కిందట వచ్చి ఉంటే చెప్పగలిగేదాన్నంది. ఆ మాట ఆమె మామూలుగానే అంది. నా సంగతి ఆమెకు తెలియదు.

పేర్లు పిలిచి ఒక్కొక్కరినీ ఇచ్చేసరికి పొద్దు వాలింది. కుసుమ వంతు వచ్చింది. గడప మీద నిలబడి చేతులు ముందుకు చాపింది. పైడి ఒళ్ళో చంటిది ఉంది. వెళ్ళమని నాకే సైగ చేసింది. నేను వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి అందించాను. కుసుమ నా అరచేతిని పట్టుకుంది, పగుళ్ళ మీద వేళ్ళు ఆగాయి. మళ్ళీ తడిమింది. నవ్వు రాలేదు.

"ఎవులు నువ్వు?" అంది.

వెనక నూకాలు గుడ్ల గిన్నె కింద పెట్టిన చప్పుడు అయింది. కుసుమ చెయ్యి వదల్లేదు. మొహం పైకెత్తి, నేనున్న చోటికి కాస్త పక్కకు చూస్తూ, జవాబు కోసం నిలబడింది.